పళ్లు జివ్వుమంటే: లోపల కదిలేదేమిటి, ఆపేదెలా

చల్లటి నీళ్లు నోట్లో పోసుకోగానే పంటి మొదట్లో జివ్వుమని లాగుతుంది, గుటక వేసేలోపే పోతుంది. చలిగాలికి, జిలేబీకి, ఒక్కోసారి బ్రష్ కుచ్చు తగిలినా అంతే. కారణం తగిలినంతసేపే ఉండి, అది పోగానే పోవడం సెన్సిటివిటీ అనే ఈ నొప్పి ఆనవాలు. కాసేపు ఆగకుండా సలిపితే అది వేరే జబ్బు, దాని సంగతి తర్వాత.

పన్ను పైభాగానికి ఎనామిల్ తొడుగు ఉంటుంది. దాని బరువులో సుమారు 96 శాతం ఖనిజమే. నరం లేదు కాబట్టి నొప్పి తెలియదు, జీవకణం లేదు కాబట్టి అరిగితే మళ్లీ పెరగదు. చిగురు కింద దాగిన వేరుకు ఈ తొడుగు లేదు. అక్కడున్నది సిమెంటం అనే పలుచటి పొర. పంటి మెడ దగ్గర దాని మందం 20 నుంచి 50 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). చిగురు వెనక్కి జరిగి ఆ భాగం బయటపడితే రోజూ బ్రష్ రాపిడికి ఆ పొర ఎన్నాళ్లో నిలవదు. అది పోయిందంటే కింద డెంటిన్ అనే లోపలి పొర బయటపడ్డట్టే.

డెంటిన్ నిండా సన్నటి గొట్టాలు. పంటి నడిమి గుజ్జు నుంచి, అంటే పల్ప్ నుంచి, బయలుదేరి అంచుదాకా వస్తాయి. వెడల్పు 1 నుంచి 2.5 మైక్రాన్లు, అంచు దగ్గర కూడా చదరపు మిల్లీమీటరుకు సుమారు 20 వేలు. వాటిలో ద్రవం నిండి ఉంటుంది. ఆ ద్రవం కదలడమే నొప్పికి మూలమని 1960లలో స్వీడన్ శాస్త్రవేత్త మార్టిన్ బ్రాన్‌స్ట్రోమ్ ప్రయోగాలతో చూపించాడు. చలికి ద్రవం కుంచించుకుంటుంది, గాలి దాన్ని ఆవిరి చేస్తుంది, చిక్కటి పాకం ఆస్మాసిస్ వల్ల, అంటే పలుచటి ద్రవం చిక్కటిదాని వైపు జరిగే గుణం వల్ల, పీల్చుకుంటుంది. మూడు దారుల్లోనూ ద్రవం బయటివైపే పరుగెడుతుంది, లోపలి కొసన ఉన్న నరపు తంతువులు ఉలిక్కిపడతాయి. వేడికి ద్రవం లోపలివైపు కదులుతుంది, దానికి నరం అంతగా స్పందించదు. ఐస్‌క్రీముకు ఎగిరిపడే పన్ను పొగలు కక్కే కాఫీకి ఊరుకునేది అందుకే.

ఇక్కడ ఒక లెక్క చాలా విషయాలు తేలుస్తుంది. సన్నటి గొట్టంలో ప్రవాహం వ్యాసార్ధపు నాలుగో ఘాతాన్ని బట్టి మారుతుంది. గొట్టం రెండింతలు వెడల్పైతే ప్రవాహం 16 రెట్లు. జివ్వుమనే పళ్లను మైక్రోస్కోపు కింద చూసినప్పుడు తెరుచుకున్న గొట్టాలు మామూలు పళ్లకంటే ఎన్నో రెట్లు ఎక్కువగా, దాదాపు రెండింతలు వెడల్పుగా కనిపించాయి. దీన్నే తిప్పి చూస్తే, గొట్టాన్ని పూర్తిగా మూయక్కర్లేదు. సగానికి ఇరుకు చేస్తే చాలు, బాధ బాగా దిగిపోతుంది.

చిగురు జారిన ప్రతివాళ్లకూ నొప్పి రాదు. రాపిడి వల్ల పుట్టే పొడి, లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేట్ గొట్టాల నోళ్లను మెల్లగా పూడుస్తుంటాయి. ఆ పూడికను కరిగించేది పులుపు. పుల్లమామిడి కాయ తింటే పళ్లు పులిసేది ఈ దారినే. పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) సుమారు 5.5 కంటే దిగితే ఎనామిల్ కరగడం మొదలవుతుంది, వేరు భాగం అంతకంటే ముందే లొంగిపోతుంది. నిమ్మరసం, కోలా డ్రింకులు 2.5 దరిదాపుల్లో ఉంటాయి. పెరుగు కూడా పుల్లనిదే గానీ, అందులో కాల్షియం దండిగా ఉండటంతో పంటిని కరిగించదు. మజ్జిగ మానేయనక్కర్లేదు.

పరగడుపున నిమ్మరసం తాగి వెంటనే బ్రష్ పట్టుకునేవాళ్లు ఇప్పుడు చాలామంది. పులుపు పంటి పైపొరను మెత్తబరిచి, గొట్టాల మూతలు తీస్తుంది. మెత్తబడ్డ దాన్ని బ్రష్ చెక్కేస్తుంది. తాగాలనుకుంటే ముందే పళ్లు తోముకోండి. తాగాక మామూలు నీళ్లతో పుక్కిలించి, మళ్లీ బ్రష్ ముట్టడానికి అరగంట నుంచి గంట ఆగండి. గుక్కగుక్కగా గంటసేపు చప్పరించడంకంటే ఒక్కసారి తాగేయడం మేలు. పుల్లతేన్పుల వాళ్లకు పై పళ్ల లోపలివైపు అరుగుతుంది, వాళ్లకు పేస్టుకంటే ముందు కడుపుకు వైద్యం కావాలి.

బ్రష్‌ను రంపంలా అడ్డంగా లాగితే చిగురు అంచున పంటికి వీ ఆకారపు గాడి పడుతుంది. కోరపళ్లకు, వాటి వెనక పళ్లకు ఎక్కువ. కుడిచేతివాటం వాళ్లకు ఎడమవైపు తరచుగా చూస్తాం. సాఫ్ట్ బ్రష్ కొని, కుచ్చు చిగురు అంచుకు 45 డిగ్రీల వాలులో ఆన్చి, చిన్నచిన్న కదలికలతో రెండు నిమిషాలు తోమాలి. కుచ్చు విచ్చుకుపోతోందంటే నొక్కుడు ఎక్కువైందని అర్థం. బొగ్గు, ఇటుకపొడి, గరుకు పళ్లపొడి ఈ పరిస్థితిలో మానేయాల్సిందే. మెరుపు వస్తుంది, దాంతోపాటు పన్నూ అరుగుతుంది.

సెన్సిటివ్ పేస్టు కొనేముందు ట్యూబు మీది పదార్థాల జాబితా చూడండి. 5 శాతం పొటాషియం నైట్రేట్ ఉన్నది నరాన్ని మందగింపజేస్తుంది. పూట పూటా వాడితే రెండు నుంచి నాలుగు వారాలకు గుణం కనిపిస్తుంది, వారానికే విసిగి వదిలేస్తే దండగ. స్టానస్ ఫ్లోరైడ్, ఆర్జినిన్‌తో కాల్షియం కార్బొనేట్, కాల్షియం సోడియం ఫాస్ఫోసిలికేట్ రకాలు గొట్టాలను పూడుస్తాయి. తోమాక నురుగు ఉమ్మేయండి, నీళ్లతో గట్టిగా పుక్కిలించొద్దు. రాత్రి బఠాణీ గింజలో సగమంత పేస్టు వేలితో సరిగ్గా ఆ చోట రుద్ది వదిలేయడమూ పనిచేస్తుంది. లవంగనూనె ఇక్కడ పనికిరాదు, గొట్టాన్ని మూయదు సరికదా, చిగురును కాలుస్తుంది.

క్లీనింగ్ తర్వాత వారం పదిరోజులు జివ్వుమనడం మామూలే. గార కప్పి ఉంచిన వేరు ఇప్పుడు చలికి తగులుతోంది, అంతే. గార తీస్తే పళ్లు వదులవుతాయన్న భయంతో క్లీనింగ్ మానేస్తే చిగురు ఇంకా జారుతుంది.

నొప్పి అరనిమిషం దాటి నిలిచినా, వేడికి ఎక్కువైనా, రాత్రి నిద్రలేపినా, కొరికి వదిలినప్పుడు చురుక్కుమన్నా పేస్టులతో కాలం గడపకూడదు. మొదటి మూడూ పల్ప్ వాపుకు, చివరిది పంటి పగులుకు గుర్తులు. పుచ్చు, ఎత్తుగా ఉన్న ఫిల్లింగ్ కూడా ఇదే వేషం వేస్తాయి. అందుకే డాక్టరు గాలి ఊది, పరికరపు కొనతో తాకి, ఎక్స్‌రే తీసి, మిగతావన్నీ కాదని తేల్చాకే సెన్సిటివిటీ అంటాడు. అప్పుడు 5 శాతం సోడియం ఫ్లోరైడ్ వార్నిష్ పూస్తారు. ఆ రోజంతా గట్టివి, మరీ వేడివి తినకూడదు. లోతైన గాడి ఉంటే గ్లాస్ అయనోమర్ అనే ఫిల్లింగ్ పదార్థంతో నింపుతారు, చిగురు బాగా జారితే అంగిలి నుంచి కణజాలం తెచ్చి కప్పుతారు. రూట్ కెనాల్ ఇవేవీ పనిచేయనప్పుడు, లేదా పల్ప్ కోలుకోలేనంతగా దెబ్బతిన్నప్పుడు మాత్రమే. చలికి క్షణంపాటు జివ్వుమనే పన్నుకు మొదటిరోజే అది చేయిస్తామంటే మరో డాక్టరును అడగండి.