పడవలో ఫ్రిజ్, కరెంటు ఆదా చేసే థర్మోస్టాట్: అపోహలు - వాస్తవాలు

బరంపురంలో ఫ్రిజ్‌ల రిపేరు నా పని. గోపాల్‌పూర్, ఆర్యపల్లి రేవుల్లో పెద్ద బోట్లకీ, రంభ దగ్గర చిలికాలో జనాన్ని తిప్పే లాంచీలకీ 12 వోల్టుల ఫ్రిజ్ పెట్టెలు బిగిస్తుంటాను. కరెంటు ఆదా చేసే థర్మోస్టాట్ గురించి రేవులో వినబడే మాటల్లో సగం తప్పు. ఆ మాటలు నమ్మి డబ్బు పోసి, నెల తిరక్కుండానే దాన్ని పీకి పక్కన పడేస్తున్నవాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. సరిగ్గా పెట్టుకుంటే అది నిజంగా పనికొచ్చే వస్తువు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

అపోహ: థర్మోస్టాట్ మారిస్తే చాలు, బ్యాటరీ ఖర్చు సగానికి పడిపోతుంది.

వాస్తవం: "బావా, కొత్తది పెట్టించాను, ఆదా ఏదీ?" అని అడిగేవాళ్లకు నేను ముందు పెట్టె గోడ మందం చూపిస్తాను. థర్మోస్టాట్ చలిని పుట్టించదు, వేడిని ఆపదు. కంప్రెసర్ ఎప్పుడు తిరగాలో, ఎప్పుడు ఆగాలో చెబుతుంది. మంచి రకమైతే ఎంత వేగంగా తిరగాలో కూడా చెబుతుంది. లోపలికి ఎంత వేడి చొరబడితే అంతా కంప్రెసర్ బయటికి తోడాల్సిందే.

లెక్క వేసి చూడండి. పెట్టె గోడలు, మూత, అడుగు అన్నీ కలిపి 1.2 చదరపు మీటర్లు. చుట్టూ 5 సెంటీమీటర్ల పఫ్ ఫోమ్, అంటే వేడిని ఆపే గట్టి నురుగు పొర. బయట 32 డిగ్రీలు, లోపల 4. లోపలికి వచ్చే వేడి సుమారు 17 వాట్లు. అదే ఫోమ్ 10 సెంటీమీటర్లు ఉంటే 8 వాట్ల చిల్లర. ఫోమ్ నీళ్లు పీల్చిందంటే ఈ లెక్క కూడా దక్కదు. మూత రబ్బరు చిరిగి, ఫోమ్ తడిసిన పెట్టెకు ఖరీదైన థర్మోస్టాట్ పెట్టడం దండగ. ముందు రబ్బరు మార్చండి.

మరి ఆదా ఎక్కడుంది? రెండు చోట్ల. ఒకటి వేగం. ఈ పెట్టెల్లో ఎక్కువగా వచ్చేది డాన్‌ఫాస్ బీడీ35 రకం కంప్రెసర్. ఆ వ్యాపారాన్ని 2010లో డాన్‌ఫాస్ అమ్మేసింది, ఇప్పుడు అది సీకాప్ పేరుతో వస్తోంది. మామూలు బోర్డు (కంప్రెసర్‌ను నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె) ఉన్న బీడీ35 నిమిషానికి 2000 నుంచి 3500 చుట్ల దాకా తిరుగుతుంది. నెమ్మదిగా, ఎక్కువసేపు తిరిగితే పెట్టె బయట ఉండే కాయిల్‌కు వేడి వదులుకునే తీరిక దొరుకుతుంది. అదే చలికి కరెంటు తక్కువ పడుతుంది.

రెండోది, నా దృష్టిలో అసలైనది, సమయం. ఇంజిన్ తిరుగుతున్నప్పుడు, మధ్యాహ్నం సోలార్ పలక నిండుగా ఇస్తున్నప్పుడు కరెంటు మిగులుతుంది. ఆదా థర్మోస్టాట్లలో మంచివి బ్యాటరీ వోల్టేజీ చూస్తూ ఉంటాయి. అది 13 దాటి పైకి పోతే చార్జింగ్ నడుస్తోందని గ్రహించి కంప్రెసర్‌ను వేగంగా తిప్పి, పెట్టెను మామూలుకన్నా చల్లగా చేసేస్తాయి. ఇంజిన్ ఆగాక నెమ్మదిస్తాయి. అంటే మిగిలిన కరెంటును చలిగా దాచిపెడతాయి. దాచుకోవడానికి లోపల ఏదో ఒకటి ఉండాలి కదా, దానికి నీళ్ల సీసాలే చాలు. కిలో మంచు కరగాలంటే 93 వాట్-గంటల వేడి పీల్చుకుంటుంది. పైన చెప్పిన 17 వాట్ల పెట్టెకు 12 గంటల రాత్రికి 204 వాట్-గంటలు కావాలి. అంటే రెండు కిలోల పైచిలుకు మంచు. పెట్టె లోపల చల్లబడే పలకకు ఆనించి రెండు లీటర్ల సీసాలు రెండు పెట్టండి, పొద్దున్నకి ఇంకా మంచు మిగులుతుంది. మంచినీళ్లే పోయండి, సీసా నిండా మాత్రం కాదు. సముద్రపు నీళ్లయితే మైనస్ 2 దగ్గర గానీ గడ్డకట్టవు, కంప్రెసర్‌కు అదనపు శ్రమ.

ఆ సీసాలు లేకుండా ఆదా థర్మోస్టాట్ పెట్టుకున్నవాళ్లే ఎక్కువ. అది పనిచేయట్లేదని తిట్టేదీ ఎక్కువగా వాళ్లే.

అపోహ: ఇంటి ఫ్రిజ్‌లో లాగే థర్మోస్టాట్‌ను కరెంటు తీగ మధ్యలో పెట్టాలి.

వాస్తవం: ఇక్కడ మన ఊరి ఎలక్ట్రీషియన్లు పొరబడుతున్నారు. ఇంటి మామూలు ఫ్రిజ్‌లో థర్మోస్టాట్ కంప్రెసర్‌కు వెళ్లే 230 వోల్టుల తీగనే తెంచి కలుపుతుంది. బీడీ రకంలో అలా కాదు. కంప్రెసర్ పక్కన ఉండే బోర్డు మీద సీ, టీ అని రెండు పిన్నులుంటాయి. థర్మోస్టాట్ ఆ రెండింటి మధ్య బిగించాలి. ఆ దారిలో పారేది కొద్ది మిల్లీఆంపియర్లే. బ్యాటరీ నుంచి వచ్చే లావు తీగ జోలికి పోకూడదు. దాన్ని థర్మోస్టాట్ గుండా పంపితే డీసీ కరెంటు తెగిన ప్రతిసారీ నిప్పురవ్వ లేస్తుంది, థర్మోస్టాట్ లోపల కలిసి విడిపోయే పాయింట్లు కాలిపోతాయి, బోర్డు మీదా భారం పడుతుంది.

వేగం కూడా ఆ దారిలోనే నిర్ణయమవుతుంది. మామూలు బోర్డులో థర్మోస్టాట్ తీగకు వరసలో రెసిస్టర్ (కరెంటుకు అడ్డుపడే చిన్న ముక్క) ఏమీ లేకపోతే 2000 చుట్లు. 277 ఓమ్‌లు పెడితే 2500, 692 పెడితే 3000, 1523 పెడితే 3500. బజారులో ఆ అంకెలు దొరకవు. 270, 680, 1500 ఓమ్‌ల పావు వాట్ రెసిస్టర్లు దొరుకుతాయి, పని జరుగుతుంది. బోర్డు నంబరు చూడకుండా మాత్రం పెట్టొద్దు. కొన్ని కొత్త బోర్డులు వేగాన్ని వాటంతటవే సర్దుకుంటాయి, వాటి లెక్క వేరు.

నేనైతే ముందు 2000తోనే మొదలుపెట్టమంటాను. మే నెల ఎండలో కంప్రెసర్ అసలు ఆగకుండా తిరుగుతుంటే ఒక మెట్టు పైకి వెళ్లండి.

అపోహ: ఆన్‌లైన్‌లో దొరికే చవక డిజిటల్ థర్మోస్టాట్ కూడా అంతే పని చేస్తుంది.

వాస్తవం: ఎస్‌టీసీ-1000 అని ఒకటి అందరి దగ్గరా కనబడుతోంది. కొనేముందు 12 వోల్టులదేనా అని చూసుకోండి, 220 వోల్టులదీ అచ్చం అలాగే ఉంటుంది. అది చెడ్డ వస్తువు కాదు, కానీ దాని సొంత ఖర్చు ఎవరూ లెక్కపెట్టరు. దాని మీద రాసి ఉండేది 3 వాట్ల లోపు అని. పూర్తిగా 3 వాట్లూ తాగితే రోజుకు 72 వాట్-గంటలు, అంటే 12 వోల్టుల బ్యాటరీలోంచి 6 ఆంపియర్-గంటలు. చిన్న పెట్టె రోజు ఖర్చులో అది తక్కువేం కాదు. సన్న గొట్టంతో చలిని పసిగట్టే పాత తరహా కెపిల్లరీ థర్మోస్టాట్‌కు ఆ ఖర్చే ఉండదు.

ఇంకో చిక్కు. దాని రిలే, అంటే లోపలి స్విచ్, 10 ఆంపియర్లు మోయడానికి చేసింది. కొద్ది మిల్లీఆంపియర్లు మాత్రమే పారే దారిలో పెడితే, ఉప్పుగాలికి పాయింట్ల మీద పట్టే పొర అంత తక్కువ కరెంటుకు కాలిపోదు. కొన్నాళ్లకు కలిసినట్టే టిక్కుమంటుంది, కరెంటు మాత్రం పోదు. బంగారు పూత పాయింట్లున్న థర్మోస్టాట్ కాస్త ఖరీదైనా సముద్రం మీద అదే మేలు.

చవకదే వాడతానంటే దాని సెట్టింగుల్లో ఎఫ్2 మార్చండి; ఎఫ్1 అంటే ఆగాల్సిన డిగ్రీ, ఎఫ్2 అంటే దానికి ఎన్ని డిగ్రీలు పెరిగాక మళ్లీ లేవాలో. ఎఫ్2ను 0.5 డిగ్రీ మీద సెట్ చేసి పంపిస్తారు, అంటే అర డిగ్రీ పెరగగానే కంప్రెసర్ మళ్లీ లేస్తుంది. ఎఫ్1 3 డిగ్రీలు, ఎఫ్2 2 డిగ్రీలు పెడితే 5 దగ్గర మొదలై 3 దగ్గర ఆగుతుంది. ఎఫ్3 అంటే కంప్రెసర్ ఆగాక మళ్లీ లేవడానికి ఎన్ని నిమిషాలు ఆగాలో చెప్పేది, 3 నిమిషాలకు తగ్గించొద్దు. ఇన్సులిన్ లాంటి మందులు పెట్టేవాళ్లకు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టకూడదు. వాటిని పలకకు దూరంగా, పై అరలో పెట్టండి.

అపోహ: చల్లబడట్లేదంటే గ్యాస్ అయిపోయినట్టే.

వాస్తవం: గ్యాస్ వాడితే అయిపోయేది కాదు. మూసిన గొట్టాల్లో అది తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే, లీకు వెతకకుండా గ్యాస్ ఎక్కించే మెకానిక్ దగ్గరికి మళ్లీ పోకండి. పడవల్లో నాకు ఎక్కువగా కనబడేది గ్యాస్ కాదు, సన్న తీగ.

ఇంజిన్ దగ్గర బ్యాటరీ, ముందు క్యాబిన్‌లో ఫ్రిజ్, మధ్య 8 మీటర్లు. పోయి రావడానికి 16 మీటర్ల రాగి. ఒక చదరపు మిల్లీమీటరు తీగతో లాగితే 5 ఆంపియర్ల దగ్గర 1.4 వోల్టులు దారిలోనే పోతాయి. బ్యాటరీ దగ్గర మీటరు 12 వోల్టులకు కాస్త పైన చూపిస్తుంది, ఫ్రిజ్ బోర్డుకు 11 కూడా అందదు. కంప్రెసర్ లేవబోతే ఇంకా పడిపోతుంది, 10.4కి దిగగానే బోర్డు ఆపేస్తుంది. కాసేపటికి వోల్టేజీ కోలుకున్నాక మళ్లీ ప్రయత్నం. ఇది పట్టుకోవడం తేలిక. బోర్డు మీద ప్లస్ పిన్నుకీ డీ పిన్నుకీ మధ్య చిన్న ఎల్‌ఈడీ పెట్టండి. ప్రతి 4 సెకన్లకు ఒక్కసారి మిణుక్కుమంటే వోల్టేజీ తక్కువ. రెండుసార్లయితే ఫ్యాన్, మూడుసార్లయితే మోటారు లేవడం లేదు, ఐదుసార్లయితే బోర్డు వేడెక్కింది. గ్యాస్ మీద చెయ్యి వేసే ముందు ఆ దీపం చూడమని మెకానిక్‌ను అడగండి.

12 వోల్టులకు తయారీదారు చెప్పే కొలత: 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ 2.5 మీటర్ల దూరం దాకా, 4ది 4 మీటర్ల దాకా, 6ది 6 మీటర్ల దాకా, 10ది 10 మీటర్ల దాకా. తీగ నేరుగా బ్యాటరీ నుంచే రావాలి, మధ్యలో 15 ఆంపియర్ల ఫ్యూజు. దీపాల లైన్లోంచి, ఫిష్ ఫైండర్ లైన్లోంచి తీయొద్దు.

అపోహ: బోర్డులో బ్యాటరీ రక్షణ ఉంది కాబట్టి ఇంజిన్ స్టార్ట్ అవ్వదన్న భయం లేదు.

వాస్తవం: ఉంది నిజమే. కానీ 10.4 వోల్టులకు దిగిన సీసపు బ్యాటరీ ఇంజిన్‌ను లేపలేదు. ఫ్రిజ్‌కు వేరే బ్యాటరీ పెట్టండి, లేదా బోర్డు మీది పీ పిన్నుకు రెసిస్టర్ పెట్టి కటాఫ్‌ను (బోర్డు ఫ్రిజ్‌ను ఆపేసే వోల్టేజీని) పైకి జరపండి. ఏ అంకెకు ఎంత రెసిస్టరో బోర్డు కాగితంలో పట్టిక ఉంటుంది. తీరానికి దూరంగా ఇంజిన్ లేవకపోవడం ఫ్రిజ్ సమస్య కాదు, ప్రాణాల సమస్య.

అపోహ: మంచి థర్మోస్టాట్ ఉంటే ఐస్ కొనక్కర్లేదు, పట్టిన చేపను ఫ్రిజ్ చూసుకుంటుంది.

వాస్తవం: 28 డిగ్రీల దగ్గరున్న 50 కిలోల చేపను సున్నాకు దించాలంటే సుమారు 1400 వాట్-గంటల వేడి తీయాలి. ఈ కంప్రెసర్ 100 వాట్ల చలి ఇస్తుందనుకున్నా 14 గంటలు. ఈలోపు చేప పాడైపోతుంది. అదే పని 15 కిలోల ఐస్ గంటల్లో చేస్తుంది, తర్వాత చల్లగా ఉంచడానికి ఇంకొంత ఐస్. చేపకు ఐసే. ఫ్రిజ్ అన్నానికి, పాలకు, మందులకు, చల్లటి నీళ్లకు.

అపోహ: వేట నిషేధం రోజుల్లో ఫ్రిజ్‌తో పనేముంది, అలా వదిలేయొచ్చు.

వాస్తవం: మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా బోట్లు ఒడ్డునే ఉంటాయి. బిగింపు పనులకు, తీగ మార్చడానికి అదే సరైన సమయం. ఫ్యూజు పీకేయండి, లేకపోతే డిజిటల్ థర్మోస్టాట్ ఒక్కటే రెండు నెలల్లో బ్యాటరీని తాగేస్తుంది. పెట్టె తుడిచి, మూత సందులో గుడ్డ ముక్క పెట్టి తెరిచి ఉంచండి, బూజు పట్టదు. బయటి కాయిల్ మీద ఉప్పును మంచినీళ్ల తడిగుడ్డతో తీయండి. కంప్రెసర్ పెట్టిన అరకు కిందా పైనా గాలి కన్నాలున్నాయో లేదో చూడండి, వలలు తాళ్లు అక్కడే కుక్కుతారు. బ్యాటరీని నెలకోసారి చార్జింగ్‌కు పెట్టండి.