పెద్దల మతిమరుపు: మెదడులో సంబంధాలు సడలే కథ

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో డెబ్బై దాటిన మనిషి అడిగిందే మళ్ళీ మళ్ళీ అడుగుతుంటే ఇంట్లోవాళ్ళు చాదస్తం అనుకుని ఊరుకుంటారు. పిల్లలు హైదరాబాద్‌లోనో చెన్నైలోనో పనుల్లో ఉంటారు. సంక్రాంతికి వచ్చి చూసి, అమ్మ ఒక్కసారిగా ఇలా అయిపోయిందేమిటని టెన్షన్ పడతారు. ఒక్కసారిగా ఏమీ అవదు. చాలామందిలో ఆ మార్పు ఏళ్ళ తరబడి లోలోపల జరుగుతూనే ఉంటుంది.

వయసుకి ఇది మామూలేనన్న మాట మన ఇళ్ళలోనే కాదు, వైద్యంలోనూ చాలాకాలం నడిచింది. 1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో అలోయిస్ ఆల్జీమర్ అనే వైద్యుడు ఒక రోగిని చూశాడు. ఆమెకి అప్పటికి 51 ఏళ్ళు. 1906లో ఆమె చనిపోయాక మెదడుని మైక్రోస్కోప్ కింద పెడితే నాడీకణాల మధ్య గడ్డలు, కణాల లోపల చిక్కుపడ్డ పోగులు కనిపించాయి. 1910లో ఆ జబ్బుకి ఆయన పేరు పెట్టారు. కానీ అది నడివయసులో వచ్చే అరుదైన జబ్బనీ, ముసలివాళ్ళ మతిమరుపు వేరే సంగతనీ అనుకున్నారు. రెండూ ఒకటేనని అమెరికాలో రాబర్ట్ కాట్జ్‌మన్ గట్టిగా వాదించింది 1976లో. అంటే దాదాపు డెబ్బై ఏళ్ళు వృద్ధుల బాధని చాలామంది జబ్బుగా లెక్కపెట్టలేదు. నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే బాధ కలిగించేది అదే.

బతికున్న మనిషి మెదడు పనిచేస్తుండగా చూసే వీలు ఆ తర్వాత వచ్చింది. 1990లో సెయిజి ఒగావా బృందం రక్తంలోని ఆక్సిజన్ తేడాని ఎమ్మారైతో పట్టుకోవచ్చని చూపించింది. 1995లో భరత్ బిస్వాల్ ఒక విచిత్రం గమనించాడు. మనిషి ఏ పనీ చేయకుండా పడుకుని ఉన్నా, చేతుల కదలికని నడిపే కుడి, ఎడమ భాగాలు రెండూ ఒకే లయలో హెచ్చుతగ్గులవుతున్నాయి. చాలామంది దాన్ని యంత్రం రొద అని కొట్టిపారేశారు. అది నిజమైన సంకేతమని తర్వాత తేలింది. 2001లో మార్కస్ రైకల్ బృందం, మనం ఊరికే కూర్చున్నప్పుడు చురుగ్గా ఉండే భాగాల సముదాయాన్ని వివరించింది. పాత సంగతులు తలుచుకోవడం, రేపటి గురించి ఆలోచించడం దాని పనే. దాన్ని డిఫాల్ట్ నెట్‌వర్క్ అంటారు.

ఆల్జీమర్స్ మొదటి దశలోనే ఈ నెట్‌వర్క్‌లో పొందిక తగ్గుతోందని 2004లో మైకేల్ గ్రైసియస్ బృందం చెప్పింది. మరుసటి ఏడాది రాండీ బక్నర్ బృందం, అమిలాయిడ్ అనే ప్రొటీన్ గడ్డలు (ఆల్జీమర్ కణాల మధ్య చూసినవి) పేరుకునే చోట్లు ఆ నెట్‌వర్క్‌తోనే చాలావరకు సరిపోతున్నాయని చూపింది. చాలా దారులు కలిసే భాగాలకే దెబ్బ ఎక్కువ. విజయనగరం జంక్షన్‌లో రైళ్ళు ఆగితే హౌరా వైపు, రాయగడ వైపు, విశాఖ వైపు మూడు లైన్లూ స్తంభించినట్టు, అక్కడ దెబ్బ తగిలితే దూరంగా ఉన్న భాగాలకి కూడా ఒకదానితో ఒకటి సంబంధం సడలుతుంది.

మామూలు మతిమరుపుకీ, రోజువారీ పనులు కూడా సాగనంతగా జ్ఞాపకం, ఆలోచన దెబ్బతినే డిమెన్షియాకీ మధ్య దశని గుర్తించే ప్రమాణాలని 1999లో రొనాల్డ్ పీటర్సన్ బృందం ఇచ్చింది. ఈ దశలో కొత్త జ్ఞాపకాలని నిలిపే హిప్పోకాంపస్ అనే మెదడు భాగం కొన్నిసార్లు మామూలు కంటే ఎక్కువ పనిచేసి, తర్వాత డీలా పడుతుంది. ఈ దశలో ఉన్నవాళ్ళందరికీ డిమెన్షియా రాదు, కొందరు తేరుకుంటారు కూడా. బి12 లోపం, థైరాయిడ్, దిగులు, కొన్ని మందులు, వినికిడి తగ్గడం వల్ల కూడా మతిమరుపు వచ్చినట్టు కనిపించవచ్చు. ఊరికే చాదస్తమని వదిలేస్తే నయం చేయగలిగేవి కూడా జారిపోతాయి. నెట్‌వర్క్ స్కాన్ మాత్రం ఇప్పటికీ పరిశోధనకే. ఒక మనిషికి జబ్బు ఉందా లేదా అని దాన్నిబట్టి తేల్చరు.

ఇక్కడ మన జిల్లాల సంగతి వేరుగా చెప్పాలి. జ్ఞాపకశక్తి పరీక్షలు చాలావరకు చదువుకున్నవాళ్ళ కోసం తయారయ్యాయి. 2011 జనగణనలో విజయనగరం జిల్లా అక్షరాస్యత 59 శాతం దగ్గర, శ్రీకాకుళంలో 62 శాతం దగ్గర ఉంది. పెద్దవాళ్ళలో ఇంకా తక్కువే. ఒక అవ్వ తారీఖు చెప్పలేనంత మాత్రాన ఆమె మతి తప్పిందనడం అన్యాయం. ఏరువాక ఎప్పుడో, ఏ మడిలో ఏం వేశారో అడగాలి. హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో చదువురాని వృద్ధుల కోసం 1990ల్లోనే ఇలాంటి పరీక్ష తయారుచేశారు.

హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులని పరిశీలించి 2013లో ప్రచురించిన ఫలితం మనకి దగ్గరిది. రెండో భాష వచ్చినవాళ్ళలో జబ్బు సుమారు నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా మొదలైంది. చదువు రానివాళ్ళలో కూడా ఆ తేడా కనిపించింది. ఇచ్ఛాపురం, సోంపేట వైపు తెలుగూ ఒడియా రెండూ నోట ఆడే అవ్వలు, తాతలు ఎందరో ఉన్నారు.

ఉద్దానం అనే ఆ ప్రాంతానికే ఇంకో భారం ఉంది, కిడ్నీ జబ్బు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళలో మతిమరుపు, ఆలోచన నెమ్మదించడం ఎక్కువని చాలా అధ్యయనాలు చెప్పాయి. బీపీ అదుపు తప్పితే మెదడులో సన్నటి రక్తనాళాలు దెబ్బతిని, దూరపు భాగాలని కలిపే తెల్ల పదార్థం పాడవుతుంది. ఉద్దానంలో కిడ్నీ పరీక్షలు చేస్తారు, డయాలసిస్ కేంద్రాలున్నాయి. అక్కడికి వచ్చే పెద్దవాళ్ళని జ్ఞాపకం గురించి నాలుగు మాటలు అడగడానికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. కర్ణాటకలోని కోలార్ జిల్లా శ్రీనివాసపుర పల్లెల్లో, నలభై అయిదు దాటిన మామూలు జనాన్ని ఏళ్ళ తరబడి గమనిస్తూ ఎమ్మారై కూడా తీసే అధ్యయనాన్ని బెంగళూరు ఐఐఎస్సీలోని మెదడు పరిశోధన కేంద్రం నడుపుతోంది. అలాంటిది ఉద్దానంలోనూ మొదలవ్వాలి, అదీ ఇప్పటి నడివయసువాళ్ళు ముసలివాళ్ళు కాకముందే.