రాజును గద్దె దింపిన మహిళకు పార్టీ టికెట్ ఇవ్వలేదు

2022 మార్చిలో నైజీరియా పార్లమెంటు మహిళలకు ప్రత్యేక సీట్లు కేటాయించే బిల్లును తిరస్కరించింది. సెనేట్‌లో, ప్రతినిధుల సభలో కలిపి 111 సీట్లు అదనంగా సృష్టించి మహిళలకు ఇవ్వాలన్నది ప్రతిపాదన. ఓటమి తర్వాత మహిళలు అబుజాలో పార్లమెంటు ముందు బైఠాయించారు. బిల్లు మళ్లీ సభ ముందుకు వచ్చింది కానీ, 2023 ఎన్నికల తర్వాత కూడా అక్కడి చట్టసభల్లో మహిళలు 5 శాతానికి మించలేదు. ఆడవాళ్లకు రాజకీయాల మీద ఆసక్తి తక్కువని దీనికి కారణం చెప్పేవాళ్లు అక్కడి మహిళా ఉద్యమ నాయకురాలు ఫున్మిలాయో రాన్సమ్-కుటి జీవితాన్ని ఒకసారి చూడాలి.

ఆమె 1900లో నైరుతి నైజీరియాలోని అబెయోకుటాలో పుట్టారు. ఆ ఊరి గ్రామర్ స్కూల్లో చేరిన తొలి విద్యార్థినుల్లో ఆమె ఒకరు. ఇంగ్లండ్ వెళ్లి చదువుకుని వచ్చి టీచరయ్యారు. భర్త ఇజ్రాయెల్ కూడా ఉపాధ్యాయుడే, దేశవ్యాప్త ఉపాధ్యాయ సంఘానికి నాయకుడు. మొదట్లో ఆమె నడిపిన మహిళా క్లబ్బులో ఉన్నవాళ్లంతా చదువుకున్న, కాస్త స్థితిమంతులైన ఆడవాళ్లే. సంతలో వ్యాపారం చేసుకునే మహిళలకు అక్షరాలు నేర్పడం మొదలుపెట్టాకే అసలు కష్టాలు ఆమె చెవిన పడ్డాయి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అధికారులు వాళ్ల బియ్యాన్ని జప్తు చేసేవాళ్లు. దాని పైన పన్ను పోటు. మగపిల్లల కంటే ముందే, 15 ఏళ్లకే ఆడపిల్లలకు పన్ను! పెళ్లయిన ఆడవాళ్లు భర్తతో సంబంధం లేకుండా విడిగా కట్టాలి. కట్టించుకునే మండలిలో మాత్రం ఒక్క మహిళ కూడా లేదు.

ఈ వ్యవస్థకు పేరుకు అధిపతి అబెయోకుటాలోని ఎగ్బా ప్రజల రాజు. ఆయన బిరుదు అలాకే. అసలు పెత్తనం బ్రిటిష్ వాళ్లది. వాళ్లు రాజు చేతికి ఇదివరకెన్నడూ లేనంత అధికారం ఇచ్చి, తమ పన్నులను ఆయన పేరు మీద వసూలు చేయించుకున్నారు. ఎగ్బాలు యొరుబా జాతివాళ్లే. పాత యొరుబా సంప్రదాయంలో రాజుకు అడ్డు చెప్పే పెద్దల సభలు ఉండేవి, మహిళలకూ కొన్ని హోదాలుండేవి. పరాయి పాలన వచ్చాక ఆ అదుపులన్నీ సడలిపోయాయి. ఈ సంగతిని గట్టిగా చెప్పడమే ఫున్మిలాయో చేసిన పెద్ద పని అని నాకనిపిస్తుంది. 1947లో బ్రిటిష్ వాళ్లు పెట్టిన కొత్త రాజ్యాంగానికి అభ్యంతరం చెప్పడానికి లండన్ వెళ్లిన నైజీరియా ప్రతినిధి బృందంలో ఆమె ఒక్కరే మహిళ. బ్రిటిష్ పాలన మా ఆడవాళ్ల బతుకును మరింత దిగజార్చిందని ఆమె అక్కడి పత్రికలో రాస్తే, ఇంటి దగ్గర రాజు మనుషులు మండిపడ్డారు.

1946లో ఆ క్లబ్బు అబెయోకుటా మహిళా యూనియన్‌గా మారింది. ఫున్మిలాయో పాశ్చాత్య దుస్తులు మానేసి యొరుబా వస్త్రాలే కట్టారు. అధికారులతోనూ యొరుబాలోనే మాట్లాడేవారు, దుబాసీని వాళ్లే పెట్టుకోవాల్సి వచ్చేది. ఊరేగింపులకు అనుమతి నిరాకరిస్తే పిక్నిక్కని, పండగని చెప్పి జనాన్ని పోగేసేవారు. 1947 చివర్లో వేలమంది మహిళలు రాజభవనం ముందు చేరి, రాత్రంతా పాటలు పాడుతూ అక్కడే ఉండిపోయారు. ఒకటిన్నర రోజులో ముగిసిన పోరాటం కాదిది, ఏడాదికి పైగా సాగింది. చివరికి అలాకే ఊరు విడిచి వెళ్లాడు, 1949 జనవరిలో గద్దె దిగాడు. మహిళల మీద ఆ పన్ను ఎత్తేశారు. కొత్త తాత్కాలిక మండలిలో ఫున్మిలాయోతో కలిపి నలుగురు మహిళలకు చోటు దక్కింది. తర్వాత రాజు తిరిగొచ్చాడన్నదీ నిజమే. అయినా ఆ గెలుపు చిన్నది కాదు.

ఇంత చేసిన నాయకురాలు ఎన్నికల్లో మాత్రం నిలదొక్కుకోలేకపోయారు. 1951లో ఓడిపోయారు. 1959లో తాను ఏళ్లతరబడి పనిచేసిన పార్టీయే టికెట్ నిరాకరించింది. స్వతంత్ర అభ్యర్థిగా నిలబడితే ఓట్లు చీలి, ప్రత్యర్థి గెలిచాడు. పార్టీ ఆమెను బయటికి పంపేసింది. సొంతంగా పెట్టుకున్న చిన్న పార్టీ ఎక్కువ కాలం నిలవలేదు. చైనా వెళ్లివచ్చినందుకు కమ్యూనిస్టు ముద్ర వేసి, అంతకుముందే పాస్‌పోర్టు కూడా నిరాకరించారు. జనాన్ని కూడగట్టడంలో ఆమెతో పోటీపడగలవాళ్లు పార్టీలో తక్కువే. కానీ అభ్యర్థిని తేల్చేది వీధిలోని జనం కాదు, మూసిన తలుపుల వెనక కూర్చున్న మగవాళ్లు. ఇప్పటికీ అడ్డంకి అక్కడే ఉంది.

ఉత్తర నైజీరియా మహిళలకైతే 1976 దాకా ఓటు హక్కే లేదు. వాళ్లకూ ఓటు కావాలని ఫున్మిలాయో ఏళ్లతరబడి అడుగుతూనే వచ్చారు. ఆ హక్కు వచ్చిన మరుసటి ఏడాదే, 1977 ఫిబ్రవరిలో, లాగోస్‌లో ఆమె కొడుకు, సంగీతకారుడు ఫేలా ఇంటిపై సైనికులు దాడి చేశారు. ఆమెను కిటికీలోంచి కిందికి పడేశారు. ఆ గాయాల నుంచి కోలుకోలేక 1978 ఏప్రిల్‌లో కన్నుమూశారు.

1983లో ఫ్రాంకా అఫెగ్బువా ప్రజల ఓటుతో గెలిచి సెనేట్‌లో అడుగుపెట్టిన తొలి మహిళ అయ్యారు. ఆ డిసెంబర్ 31న సైన్యం ప్రభుత్వాన్ని కూల్చేసి పార్లమెంటును రద్దు చేసింది. ఆమె పదవి కొన్ని నెలలకే పోయింది.