తమ్ముడికి బొమ్మ చేస్తున్నారా?

పిల్లలూ,

ఏడాది, ఏడాదిన్నర వయసు తమ్ముడికో చెల్లికో ఏది ఇచ్చినా ముందు నోట్లో పెట్టుకుంటారు, తర్వాత నేలకేసి కొడతారు. మీరు చేసే బొమ్మ ఈ రెండింటికీ తట్టుకోవాలి. రంగు కాగితాల సంగతి తర్వాత చూద్దాం.

ముందు గిలక్కాయ. 200 మి.లీ. ప్లాస్టిక్ సీసా చాలు, చిన్న చేతికి పట్టు దొరుకుతుంది. కడిగి, మూత తీసి, బోర్లించి రోజంతా ఆరబెట్టండి. లోపల తడి మిగిలితే గింజలు బూజు పడతాయి. గింజలు పావు వంతు పోస్తే చాలు. నిండా పోస్తే కదలడానికి చోటుండదు, చప్పుడే రాదు. శనగలు గలగలమంటాయి, బియ్యం సన్నగా సరసరలాడుతుంది. ఇంట్లో పెద్దవాళ్ల చెవులకు బియ్యమే మేలు!

అసలు కష్టమంతా మూత దగ్గరే. టేపు ఒక్కటే చుడితే చొంగకు నాని అంచు లేస్తుంది, లేచిన అంచు కనిపిస్తే పసివాళ్లు పీకకుండా ఉండరు. అందుకని మూత బిగించే మరల మీద గట్టి జిగురు పూయించి, బిగించి, ఒక రోజు ఆరనిచ్చి, అప్పుడు టేపు మూడు చుట్లు వేయండి. జిగురు, బ్లేడు పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి. ఆరాక మీ బలమంతా పెట్టి మూత తిప్పి చూడండి, నడుమెత్తు నుంచి పదిసార్లు పడేయండి. కదిలినా, పగిలినా ఆ సీసా పనికిరాదు.

రెండోది, వేసే డబ్బా. ప్లాస్టిక్ డబ్బా మూతకు 8 సెం.మీ. పొడవు, 2 సెం.మీ. వెడల్పు చీలిక కోయించి, అంచులకు గుడ్డ టేపు అంటించండి. అందులో వేయడానికి 6, 7 సెం.మీ. వెడల్పున్న ప్లాస్టిక్ సీసామూతలు తీసుకోండి. నీళ్ల సీసా మూతలు మాత్రం వద్దు, గొంతుకు అడ్డం పడతాయి. టాయిలెట్ పేపరు చుట్టలోని అట్టగొట్టం సుమారు 4 సెం.మీ. వెడల్పుంటుంది. అందులోంచి జారిపోయే వస్తువేదీ మూడేళ్లలోపు వాళ్లకు ఇవ్వకూడదు. బొత్తాలు, అయస్కాంతాలు, గుండ్రటి చిన్న బ్యాటరీలు, బెలూన్లు అసలే వద్దు.

మొదటి రోజే డబ్బాకు మూత పెట్టేయకండి. తెరిచిన డబ్బాలో వేయడం, తీయడం రానివ్వండి. చీలికలో వేయాలంటే మణికట్టు తిప్పాలి, అది వెంటనే రాదు. విసుక్కుంటే మీరే డబ్బాను కొంచెం తిప్పి పట్టుకోండి.

వారానికోసారి టేపు అంచులు, సీసా అడుగు చూడండి. సన్నని పగులు కనిపించినా అతికించొద్దు, పారేసి కొత్తది చేయండి.

ఇట్లు,
మీ తాతయ్య