పేరు రిజిస్టర్‌లో, మనిషి ముంబైలో

ఆన్‌లైన్ డిగ్రీలో చేరినవాళ్లు మధ్యలో ఎందుకు మానేస్తున్నారని మహబూబ్‌నగర్‌లోనో నల్లగొండలోనో అడిగి చూడండి. లెక్చరర్ శ్రద్ధ లేదంటారు. ఫీజు కౌంటర్లో కూర్చునే జూనియర్ అసిస్టెంట్ మాత్రం ఫోన్ కలవడం లేదంటారు. రెండో మాటకే బలం ఎక్కువ.

దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లో మొదలైంది. 1991లో దానికి అంబేడ్కర్ పేరు పెట్టారు. పుస్తకాలిచ్చి, ప్రభుత్వ కాలేజీల్లోని స్టడీ సెంటర్లలో సెలవు రోజుల్లో క్లాసులు పెట్టేవారు. క్లాసుకు రానివాడు మానేశాడా, ఇంటి దగ్గరే చదువుతున్నాడా అన్నది ఎవరికీ తెలియదు. రెండో ఏడు ఫీజు గడువు దాటితేనే బయటపడేది. ఫీజు కట్టకపోతే మానేసినట్టే అన్న లెక్క ఆఫీసుల్లో అలా స్థిరపడింది.

పాలమూరుకు ఈ లెక్క సరిపోదు. పంట పనులు అయిపోగానే గుంపు మేస్త్రీ వెంట ముంబై, పుణె పోయి తొలకరికి తిరిగొచ్చేవాళ్లు మానలేదు, ఆగారంతే. మూడేళ్ల డిగ్రీని ఆరేళ్లలో ముగించే వెసులుబాటు నిబంధనల్లోనే ఉంది. ఆ సంగతి వాళ్లకు చెప్పేవాళ్లే తక్కువ.

2018లో ఆన్‌లైన్ కోర్సులకు విశ్వవిద్యాలయాల నియంత్రణ సంస్థ యూజీసీ విడిగా నిబంధనలు తెచ్చింది. 2020లో దూరవిద్యతో కలిపి ఒకటి చేసింది. ఆన్‌లైన్‌లో ఎవరు ఎంతసేపు చదివారో చూపే లాగిన్ లెక్కలు వచ్చాయి. వీడియో పెట్టి ఫోన్ పక్కన పడేసినా గంటలు పడతాయి కాబట్టి సిబ్బంది వాటిని పెద్దగా నమ్మరు. వాళ్లు చూసేది అసైన్‌మెంట్లనే. మొత్తం మార్కుల్లో 30 శాతం ఉండే ఇంటర్నల్స్‌లో మొదటి అసైన్‌మెంట్ అందకపోతే ఆ విద్యార్థికి ఫోన్ చేయాల్సిన సమయం అదే.

2024 నుంచి చేరేటప్పుడే డెబ్ ఐడీ, అంటే యూజీసీ దూరవిద్యా విభాగం ఇచ్చే నంబరు, కావాలి. దానికి ముందు విద్యార్థి క్రెడిట్లు జమయ్యే ఖాతా నంబరైన ఏబీసీ ఐడీ, దానికీ ముందు ఆధార్. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఆధార్‌లో పొడి అక్షరమే ఉంటే అక్కడే చిక్కు. ముందు ఆధార్‌ను మెమో ప్రకారం దిద్దించి, ఆ తర్వాతే మిగతావి చేయించాలి. తొందరపడి వరుస తప్పితే పని మొదటికొస్తుంది. రీఛార్జి లేక పాత సిమ్ పోతే ఓటీపీ ఎవరికో వెళ్తుంది, ఫీజు గడువు మెసేజీ కూడా అంతే.

అందుకే అనుభవమున్న అసిస్టెంట్ దరఖాస్తు మీద రెండో నంబరూ రాయించుకుంటారు. స్నేహితుడిది కాదు, ఊళ్లోనే ఉండే తల్లిదో అన్నదో.