‘ఛార్జ్’ అనే మాట మోసే బరువులు: కొన్ని అపోహలు, వాస్తవాలు

కుట్లు వేయించుకున్న రోగికి ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే కాగితం ఒకటి మొన్న నా దగ్గరికి అనువాదానికి వచ్చింది. అందులో ఒక వాక్యం సారాంశం ఇది: డిశ్చార్జ్ అయ్యాక డిశ్చార్జ్ కనిపిస్తే వెంటనే రావాలి. ఆ కాగితం చదివే ఆవిడకు డిశ్చార్జ్ అంటే ఇంటికి పంపడం ఒక్కటే తెలుసు. కుట్ల దగ్గర చీము పడుతున్నా, తనకు చెప్పింది దాని గురించేనని ఆవిడకు తట్టదు. ‘ఇంటికి వెళ్లాక కుట్ల దగ్గర నీరు గానీ చీము గానీ కారితే వెంటనే రండి’ అని రాసి ఇచ్చాను.

విశాఖ ద్వారకానగర్‌లో పగలు అనువాదాలు చేస్తాను, సాయంత్రం ఉద్యోగాలకు ప్రిపేరయ్యే పిల్లలకు ఇంగ్లిష్ చెబుతాను. రెండు చోట్లా నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టేవి పెద్ద పెద్ద మాటలు కావు. ఛార్జ్ లాంటి, అందరికీ తెలుసనుకునే మాటలు.

అపోహ: ఒక మాటకు అసలు అర్థం ఒకటే, మిగతావన్నీ బట్టీ పట్టాల్సిందే.

ఫోన్ ఛార్జ్, బస్ ఛార్జ్, లాఠీఛార్జ్, ఛార్జిషీట్, కొత్త కలెక్టర్ ఛార్జ్ తీసుకోవడం... పిల్లలు వీటిని నోట్‌బుక్‌లో ఐదు నంబర్లు వేసి రాసుకుంటారు, వారంలో మరచిపోతారు.

వాస్తవానికి వీటిలో చాలావాటి వెనక ఉన్నది ఒకే బొమ్మ. ఈ మాట పాత ఫ్రెంచి నుంచి ఇంగ్లిష్‌లోకి వచ్చింది. ఇంకా వెనక్కి వెళ్తే లాటిన్‌లో బండి అని అర్థమున్న మాట దొరుకుతుంది. ఛార్జ్ అంటే మొదట బండికి బరువెత్తడం. కారు, కార్గో కూడా ఆ ఇంటి పిల్లలే. తుపాకీలో మందు కూరినా, బ్యాటరీలోకి కరెంటు ఎక్కించినా, ఒకరి నెత్తిన బాధ్యత పెట్టినా, ఒకరి మీద నేరం మోపినా అది ఛార్జే. లాఠీఛార్జ్ ఒక్కటే ఈ బొమ్మకు కాస్త దూరం జరిగింది.

ఇప్పుడు మన తెలుగు వినండి. ‘ఫోన్‌కి ఛార్జింగ్ ఎక్కట్లేదు’ అంటాం, ‘బ్యాటరీ దిగిపోయింది’ అంటాం. నేరం మోపారంటాం, ప్రజల మీద కరెంట్ ఛార్జీల భారం మోపారని పేపర్లో రాస్తాం. గడ్డిమోపులో ఉన్న మోపే అది. ఎవరూ నేర్పకుండానే మన భాష కూడా ఎక్కించడం, దించడం, మోపడం అనే దారిలోనే నడిచింది. క్లాసులో ఇది చెప్పిన రోజు పిల్లల ముఖాలు వెలగడం చూస్తాను, నాకు ఎన్నిసార్లు చెప్పినా విసుగు రాదు.

మన ఊళ్లో ఆ పాత అర్థం ఇంకా పనిలో ఉంది. ఉక్కు ఫ్యాక్టరీలో గోదావరి, కృష్ణా, అన్నపూర్ణ అనే మూడు బ్లాస్ట్ ఫర్నేసులు, అంటే ఖనిజాన్ని కరిగించి ఇనుము తీసే పెద్ద కొలిములు ఉన్నాయి. వాటిలోకి పైనుంచి ఇనుప ఖనిజం, సింటర్ (ఖనిజం పొడిని కాల్చి గడ్డలు చేసింది), కోక్ (బొగ్గును కాల్చి చేసిన ఇంధనం) పొరలు పొరలుగా వేయడాన్ని ఛార్జింగ్ అంటారు. అలా వేసిన ఖనిజాన్ని బర్డెన్ అని కూడా అంటారు, అచ్చంగా మన భారమే. 1933 నుంచి ఓడలు వస్తున్న పోర్టులోనేమో సరుకు దింపడం డిశ్చార్జ్. పోర్టులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన సర్వీసు కాగితాలు తెచ్చి, ఒక లైను మీద వేలు పెట్టి చూపించారు. ‘ఇది చూడమ్మా, డిశ్చార్జ్ అనుంది కదా అని నన్ను పంపేశారని రాసేయకు. ఆ వేళ మేం బొగ్గు దింపాం.’ ‘అలాగే బాబాయ్’ అని ఆయన ముందే ‘బొగ్గు దిగుమతి’ అని రాశాను. ఆయన తల అడ్డంగా ఊపారు. నిజమే, దిగుమతి అంటే విదేశం నుంచి కొనుక్కోవడం అనుకునేవాళ్లే ఇప్పుడు ఎక్కువ. ‘ఓడలోంచి బొగ్గు దింపడం’ అని మార్చాను.

అపోహ: పర్యాయపదాలంటే ఒకదాని బదులు ఇంకొకటి వాడుకోవచ్చు.

వాడుకోలేం. మనం బస్ ఛార్జీ అంటాం, ఇంగ్లిష్‌లో దానికి ఫేర్ అనే మాట ఉంది. డాక్టరుకు ఇచ్చేది ఫీజు, హైవే మీద కట్టేది టోల్, తప్పు చేస్తే కట్టేది ఫైన్. అన్నీ డబ్బే, కానీ ఎందుకు కడుతున్నామో మారిపోతుంది. తెలుగులోనూ అంతే. కడలి, సాగరం, సంద్రం, సముద్రం ఒకటే. అయినా తుపాను హెచ్చరికలో ‘సముద్రం అలజడిగా ఉంటుంది, మత్స్యకారులు వేటకు వెళ్లవద్దు’ అనే రాస్తారు. అక్కడ కడలి అని రాస్తే అది కవిత్వంలా వినిపిస్తుంది, హెచ్చరిక బలం పోతుంది.

అపోహ: కాస్త అటూ ఇటూ అయినా భావం అందితే చాలు.

కోర్టు కాగితాల్లో చాలదు. ఇది నా తప్పు నుంచే నేర్చుకున్నాను. మొదట్లో ఒక కోర్టు ఉత్తర్వును తెలుగు చేస్తూ, నిందితుణ్ని డిశ్చార్జ్ చేశారన్న చోట ‘నిర్దోషిగా విడుదల చేశారు’ అని రాశాను. ప్లీడరు గారు చదివి, పెన్ను పక్కన పెట్టి, ‘ఈ రెండు మాటల మధ్య మొత్తం విచారణ ఉందమ్మా’ అన్నారు. అభియోగాలు నమోదు చేయకముందే, కేసు నడపడానికి సరిపడా ఆధారాలు లేవని కోర్టు వదిలేస్తే అది డిశ్చార్జ్. విచారణంతా జరిగాక నేరం రుజువు కాలేదని తీర్పిస్తే అది నిర్దోషిత్వం. నిర్దోషిగా తేలినవాణ్ని ఆ తీర్పు అమల్లో ఉన్నంతకాలం అదే నేరానికి మళ్లీ విచారించకూడదు. డిశ్చార్జ్‌కు ఆ రక్షణ వర్తించదు. క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే కొత్త చట్టం, భారతీయ నాగరిక సురక్షా సంహిత, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చినా ఈ తేడా అలాగే ఉంది. ఇప్పుడు నేను ‘అభియోగాల నమోదుకు ముందే కేసు నుంచి తొలగించారు’ అని రాస్తున్నాను. పొడుగైనా సరే. అలాగే ఆరోపణ వేరు, అభియోగం వేరు. మొదటిది ఎవరైనా చేయవచ్చు, రెండోది నమోదు చేసేది కోర్టు. పేపర్లో ఈ రెండూ కలిసిపోయి కనిపించినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే మధ్యలో ఒక మనిషి పరువు ఉంది.

అపోహ: తెలుగులో కలిసిపోయిన ఇంగ్లిష్ మాటకు ఇంగ్లిష్‌లోనూ అదే అర్థం.

ఇన్‌ఛార్జ్ కలెక్టర్ అంటే మనకు తాత్కాలికంగా ఆ కుర్చీ చూసుకుంటున్నవారు. ఇంగ్లిష్ మాటలో తాత్కాలికం అన్నది లేదు, బాధ్యత ఎవరిదో వారు, అంతే.

అపోహ: ఇన్ని అర్థాలు ఇంగ్లిష్‌కే చెల్లాయి, తెలుగుకు అంత సత్తా లేదు.

1989 నాటి ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువులో ‘సెట్’ అనే క్రియకు 430 అర్థాలు లెక్కగట్టారు. తర్వాత ‘రన్’ 645తో దాన్ని దాటింది. గొప్పే. కానీ మన ‘పట్టు’ను తీసుకోండి: పట్టుచీర, తేనెపట్టు, చంటిదాని నుదుటికి వేసే పట్టు, ఊపిరి పట్టడం, టైం పట్టడం, చెమట పట్టడం, పంతం పట్టడం. పర్యాయపదాల విషయానికొస్తే, రోజె అనే ఇంగ్లండ్ డాక్టరు 1852లో తన ఇంగ్లిష్ పర్యాయపద కోశం అచ్చువేసినప్పుడు, మాటలను భావాల వారీగా అమర్చిన పుస్తకాల్లో తనకు తెలిసినంతలో అన్నిటికన్నా పాతది సంస్కృత నిఘంటువైన అమరకోశమని ముందుమాటలోనే రాశాడు. 1808లో శ్రీరాంపూర్‌లో అచ్చయిన కోల్‌బ్రూక్ అనువాదాన్ని కూడా ప్రస్తావించాడు. మన తాతలు వీధిబడిలో వల్లెవేసిన అమరమే అది.

నర్సు ఉద్యోగానికి ఇంగ్లిష్ పరీక్ష రాయబోతున్న అమ్మాయి ఒకతె కిందటి వారం ఒక వాక్యం పట్టుకొచ్చింది. అందులో ఒక నర్సు తన ‘ఛార్జ్’లతో తోటలోకి వెళ్లింది. ‘ఫీజులతో తోటలోకి వెళ్లడమేంటి మేడమ్?’ అని అడిగింది. బండి బొమ్మ గుర్తు చేశాను. కాసేపు పెన్ను నమిలి, ‘ఆవిడ నెత్తిన ఏదో పెట్టారన్నమాట’ అంది. ఇంకాసేపటికి నోట్‌బుక్‌లో రాసుకుంది: ‘నర్సు తనకు అప్పగించిన పిల్లలను తీసుకుని తోటలోకి వెళ్లింది.’