పారాథియాన్: చేనులో ఒకటి, ఒంట్లో ఇంకొకటి

దేవరకొండ దగ్గర మా ఊళ్లో తాత కట్టిన పెంకుటిల్లు విప్పుతుంటే అటక మీద పాత పురుగుల మందు డబ్బా ఒకటి దొరికింది. చీటీ చిరిగిపోయి ఎర్ర త్రికోణం ఒక్కటే మిగిలింది. మూత బిగించే ఉన్నా వెల్లుల్లి కుళ్లిన వాసన. తాతకు ఏ మందైనా ఫాలిడాలే. పత్తి చేనుకు మందు కొట్టి వచ్చిన సాయంత్రం మంచంలో వాలిపోయి "ఏం గాదు బిడ్డా, జర చెమట పట్టింది" అనేవాడు. ఆ చెమట ఎండది కాదని నాకు కెమిస్ట్రీ చదివాక గానీ తెలియలేదు.

ఫాలిడాల్ అన్నది వ్యాపార నామం. అందులోని మందు పారాథియాన్. జర్మనీలో గెర్హార్డ్ ష్రాడర్ 1944లో దీన్ని తయారు చేశాడు. అదే మనిషి 1936లో పురుగుల మందు కోసం వెతుకుతూ టాబున్ అనే విషవాయువును కనిపెట్టాడు. రెండూ భాస్వరం చుట్టూ అల్లుకున్న అణువులే, మనిషి ఒంట్లో రెండూ దెబ్బకొట్టే చోటూ ఒకటే.

స్వచ్ఛమైన పారాథియాన్‌కు రంగు దాదాపు ఉండదు, బజారుకు వచ్చేది పసుపు, గోధుమ రంగుల్లో ఉండే నూనె లాంటి ద్రవం. నీళ్లకంటే బరువు. లీటరు నీటిలో పాతిక మిల్లీగ్రాములు కూడా కరగదు. అందుకే దాన్ని ద్రావకంలో, నూనెను నీళ్లలో కలిసేలా చేసే మందుతో కలిపి అమ్మేవారు. బకెట్ నీళ్లలో పోయగానే పాలలా తెల్లబడేది అందుకే. నీళ్లలో కరగనిది కొవ్వులో బాగా కరుగుతుంది. పంపు కారి వీపు తడిస్తే చొక్కా దాటి చర్మంలోకి దిగిపోతుంది.

ఇంత ప్రమాదకరమైన మందు డబ్బాలో ఉన్నంతసేపూ నిజానికి అంత బలమైంది కాదు. దాని అణువులో భాస్వరానికి ఒక గంధకం పరమాణువు జంట బంధంతో అతుక్కుని ఉంటుంది. ఒంట్లోకి వెళ్లాక, ముఖ్యంగా లివర్‌లో, కొన్ని ఎంజైమ్‌లు ఆ గంధకాన్ని తీసేసి అక్కడ ఆక్సిజన్‌ను పెడతాయి. మారింది ఒక్క పరమాణువే. కానీ ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను గంధకం కంటే గట్టిగా లాగుతుంది కాబట్టి భాస్వరం ఆకలిగొన్నట్టు అవుతుంది, దొరికినదాన్ని పట్టుకుంటుంది. ఇలా పుట్టినదాని పేరు పారాక్సాన్. విషాలను విరిచి బయటికి పంపే లివర్ ఇక్కడ తన చేతులతోనే విషం తయారు చేస్తోంది. నన్ను ఇప్పటికీ కలవరపెట్టే విషయం ఇదే. చేనులో బాగానే ఉన్న మనిషి ఇంటికొచ్చాక పడిపోవడానికి ఇదీ ఒక కారణం.

పారాక్సాన్ పట్టుకునేది ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్‌ని. నరం కండరానికి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనంతో కబురు పంపుతుంది, కబురు అందగానే ఈ ఎంజైమ్ దాన్ని తుడిచేస్తుంది. ఒక్కో ఎంజైమ్ అణువు సెకనుకు వేల అణువులను విరుస్తుంది. అది ఆగితే కబురు ఆగదు. చెమట, చొంగ, కన్నీళ్లు కారుతాయి, కంటిపాపలు గుండుసూది మొనంత అవుతాయి, కండరాలు అదురుతాయి, చివరికి ఊపిరి ఆడదు. పురుగు చచ్చేదీ ఇలాగే.

మలాథియాన్‌లోనూ అదే గంధకం ఉంది, అదే మార్పు జరుగుతుంది. కానీ మన ఒంట్లోని వేరే ఎంజైమ్‌లు దాన్ని వేరేచోట త్వరగా తుంచేస్తాయి. పురుగుల్లో ఆ శక్తి తక్కువ. అందుకే మలాథియాన్‌ను దోమల మీద ఇంకా వాడుతున్నారు.

డీడీటీలా ఏళ్ల తరబడి మట్టిలో ఉండిపోదు, త్వరగా విరిగిపోతుంది అన్నదే పారాథియాన్‌కు పేరు తెచ్చింది. ఆ మాట నిజమే. అయితే 1958లో గోధుమ పిండితో పాటు ఒకే ఓడలో ఫాలిడాల్‌ను తెచ్చినప్పుడు, అది కారి పిండిలో కలిసి కేరళలో వందమందికి పైగా చనిపోయారు. ఆ విచారణ తర్వాతే 1968లో పురుగుమందుల చట్టం వచ్చింది. పారాథియాన్‌పై నిషేధం వచ్చాక కూడా దాని తమ్ముడు మిథైల్ పారాథియాన్ 2018 దాకా మన చేలల్లో ఉంది.

విరుగుడుగా అట్రోపిన్, పామ్ అనే ఇంజెక్షన్లు ఇస్తారు. అట్రోపిన్ మన గట్ల మీది ఉమ్మెత్తలోనూ ఉంటుంది, అయితే ఆకు రసంలో మోతాదు ఎంతో ఎవరూ చెప్పలేరు, దాన్ని ముట్టుకోకూడదు. అట్రోపిన్ చెమటను, చొంగను ఆపుతుంది. పామ్ చేసే పని వేరు: ఎంజైమ్‌కు అతుక్కున్న భాస్వరాన్ని ఊడదీస్తుంది. అతుకు ముదిరితే ఇక ఊడిరాదు. పారాథియాన్‌కైతే సగం ఎంజైమ్ అలా ముదరడానికి ఒక రోజుకు పైనే పడుతుంది, మిథైల్ రకానికి నాలుగు గంటలు కూడా పట్టదు. అందుకే డాక్టరు మొదట మందు పేరు అడుగుతాడు. తాత డబ్బా మీద ఆ పేరున్న ముక్కే చిరిగిపోయింది.